రాత్రి చప్పుడు చెయ్యని కీబోర్డు: సైలెంట్ టాక్టైల్ స్విచ్‌లు ఎంచుకునేదెట్లా?

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశం అయిపోయినాక ఒకమ్మ కంప్యూటర్ ల్యాబు గుమ్మం దగ్గర ఆగింది. "సార్, మావాడు అడిగినాడని మెకానికల్ కీబోర్డు కొనిచ్చినాము. రాత్రి కూర్చుని తెలుగు టైపింగు చేస్తా ఉంటే పక్కన పడుకున్న మా అత్తకు నిద్ర పట్టడం లేదు. వాళ్ల నాయన మొదటి షిఫ్టుకు తెల్లారక ముందే లేవాల. ఇప్పుడు వాణ్ణి టైపింగు మానమనేదా, కీబోర్డు పారేసేదా?" అని అడిగింది.

రెండూ వద్దన్నాను. ఆ కీబోర్డు ఒకసారి తీసుకురమ్మన్నాను. ఆ తర్వాత ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు నలుగురు అడిగారు కాబట్టి అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. మన హోసూరులో చాలామంది ఇళ్లు ఒక హాలు, ఒక గది. పిల్లలు చదివేదీ, అవ్వ తాత పడుకునేదీ అదే హాలు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పగలు నిద్రపోతారు. ఇట్లాంటి ఇంట్లో కీబోర్డు చప్పుడు చిన్న విషయం కాదు. చప్పుడు వల్ల తిట్లు తిన్న పిల్లలు సాధన మానేస్తారు, అది నేను చూస్తూనే ఉన్నాను.

ముందే ఒక మాట. మెకానికల్ కీబోర్డు లేకపోతే టైపింగు రాదనేది ఉత్త మాట. మామూలు రబ్బరు కీబోర్డు మీదా, ల్యాప్‌టాప్ మీదా చక్కగా నేర్చుకోవచ్చు. అవి చాలావరకు చప్పుడు తక్కువవే. మీ ఇంట్లో ఉన్నది అదే అయితే, పిల్లవాడు ఇబ్బంది పడకుంటే, కింద రాసింది చదివి కూడా ఏమీ కొనకండి. ఇప్పటికే మెకానికల్ కొన్నవాళ్లకూ, కొనాలని తేల్చుకున్నవాళ్లకూ ఈ వ్యాసం.

స్విచ్ అంటే ఏమిటి

మామూలు కీబోర్డులో అన్ని కీల కిందా ఒకటే రబ్బరు పొర ఉంటుంది. ప్రతి కీ దగ్గర ఆ పొర చిన్న బొప్పిలాగా ఉబ్బి ఉంటుంది. కీ నొక్కితే ఆ బొప్పి కుంగి కింద ఉన్న సర్క్యూటు పొరలను కలుపుతుంది. మెకానికల్ కీబోర్డులో అట్లా కాదు. ప్రతి కీకి దాని సొంత స్విచ్ ఉంటుంది. ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె, దానిలో ఒక స్ప్రింగు, పైకీ కిందికీ జారే ఒక కాడ, పక్కన ఒక పలుచని లోహపు రేకు. కాడ కిందికి దిగితే రేకు రెండు భాగాలూ తాకుకుంటాయి, అక్షరం పడుతుంది. కాడను స్టెమ్ అంటారు. పైన ప్లస్ గుర్తు ఆకారంలో ఉంటుంది, దాని మీదే కీక్యాప్ కూర్చుంటుంది.

ఈరోజు అంగట్లో కనిపించే స్విచ్‌లలో ఎక్కువ భాగం జర్మనీలోని చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎం.ఎక్స్. నమూనాను అనుసరించినవే. పేటెంటు గడువు తీరినాక చైనాలో గేటరాన్, కైల్, ఔటెము లాంటి కంపెనీలు అదే కొలతతో ఎన్నో రకాలు తీసుకొచ్చాయి. అందుకే ఒక కంపెనీ కీక్యాప్ ఇంకో కంపెనీ స్విచ్ మీద సరిపోతుంది. ఎం.ఎక్స్. రకంలో కాడ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. మిగతా సగం ఊరికే దిగేదే. చప్పుడు చాలావరకు ఆ సగం చివర్లోనే పుడుతుంది.

స్విచ్‌లు మూడు జాతులు. లీనియర్ అంటే పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా నున్నగా జారేది. టాక్టైల్ అంటే మధ్యలో ఒక చోట వేలికి చిన్న అడ్డు తగిలి, దాటగానే వదులయ్యేది. క్లిక్కీ అంటే ఆ అడ్డుతోపాటు 'టిక్' అని కావాలనే చప్పుడు చేసేది. చెర్రీ వాళ్లు వీటికి రంగులు పెట్టారు: ఎరుపు లీనియర్, గోధుమ టాక్టైల్, నీలం క్లిక్కీ. మిగతా కంపెనీలు కూడా చాలావరకు ఈ మూడు రంగులనూ ఇట్లాగే వాడుతున్నాయి. ఇంకే రంగు చూసినా నమ్మకండి. పచ్చ, పసుపు, ఊదా రంగులకు అందరూ ఒప్పుకున్న అర్థం ఏదీ లేదు.

ఆ అమ్మ తెచ్చిన కీబోర్డు విప్పి చూస్తే నీలం స్విచ్‌లు. ఇంకేముంది! "మెకానికల్ అంటే ఇట్లాగే ఉంటుంది" అని చెప్పి అమ్మారట. నేనూ ఒకప్పుడు ఆ మాట నమ్మి నా సొంతానికి నీలం స్విచ్‌ల బోర్డే కొన్నాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఆ టకటక నాకు సంగీతమే. ఇంట్లోవాళ్లకు కాలేదు. వారం తిరిగేలోపల దాన్ని అటక మీదికి ఎక్కించాను.

చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా మీరే తేల్చుకోగలరు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మొదటిది క్లిక్కు. నీలం జాతి స్విచ్‌లలో కాడకు తొడుగులాంటి ఇంకో చిన్న ముక్క ఉంటుంది. అడ్డు దాటగానే అది టక్కున కిందికి తగులుతుంది. ఇది ఆ స్విచ్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. ఎంత మెత్తగా నొక్కినా పోదు. కాబట్టి క్లిక్కీ స్విచ్‌ను నిశ్శబ్దం చేసే ఉపాయాలు వెతుక్కుంటూ కాలం పోగొట్టుకోకండి, మార్చడమే మార్గం.

రెండోది అడుగు దెబ్బ. కాడ 4 మిల్లీమీటర్లు దిగి పెట్టె అడుగుకు కొట్టుకుంటుంది. ఎరుపుకూ గోధుమకూ కూడా ఇది ఉంటుంది. "గోధుమ స్విచ్ సైలెంటు" అని అంగట్లో చెబుతారు. క్లిక్కు లేదన్న మాట నిజం, సైలెంటు అన్నది నిజం కాదు. గోధుమ స్విచ్ అడుగుకు తగిలితే ఎరుపు స్విచ్ ఎంత మోగుతుందో అదీ అంతే మోగుతుంది.

మూడోది చాలామంది గమనించనిది, పై దెబ్బ. వేలు తియ్యగానే స్ప్రింగు కాడను పైకి తంతుంది, అది పెట్టె కప్పుకు కొట్టుకుంటుంది. మీరు వేలు ఎంత సుతారంగా దించినా పైకి పోయేటప్పుడు వేగం స్ప్రింగు చేతిలో ఉంటుంది. ఒక కీకి రెండు చప్పుళ్లు అన్నమాట. కీక్యాప్ లోపల రబ్బరు రింగులు వేసుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. ఆ రింగులు అడుగు దెబ్బను కొంత తగ్గిస్తాయి, పై దెబ్బను ఏమీ చెయ్యలేవు. పైగా కీ దిగే లోతు తగ్గి, తొక్కినట్టు అనిపిస్తుంది.

నాలుగోది పెద్ద కీల గలగల. స్పేస్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ ఇవి వెడల్పు కీలు. ఒక పక్క నొక్కినా వంగకుండా దిగాలని వాటి కింద వంచిన తీగ ఒకటి ఉంటుంది, దాన్ని స్టెబిలైజర్ అంటారు. తీగ వదులుగా ఉంటే గిలకలాగా మోగుతుంది. స్విచ్‌లన్నీ మార్చినాక కూడా "ఇంకా చప్పుడే" అంటారు చూడండి, పది సార్లలో తొమ్మిది సార్లు అది స్పేస్ బారే.

చివరిది బల్ల. కీబోర్డు లోపల ఖాళీగా ఉంటుంది కాబట్టి అది డప్పులాగా మోగుతుంది. దాన్ని ఇనుప బల్ల మీదో, లోపల బోలుగా ఉండే పలుచని చెక్క బల్ల మీదో పెడితే ఆ మోత రెండింతలవుతుంది. గోడకు ఆనించిన బల్ల అయితే అవతలి గదికి కూడా వినిపిస్తుంది.

సైలెంట్ స్విచ్ అని రాసి ఉన్నది రెండో, మూడో దెబ్బలకు మందు. కాడకు పైనా కిందా తగిలే చోట్ల చిన్న రబ్బరు ముక్కలు అంటించి ఉంటాయి. ప్లాస్టిక్కుకు ప్లాస్టిక్ తగలకుండా రబ్బరు తగులుతుంది. అంతే రహస్యం. గలగలనూ బల్లనూ మనమే చూసుకోవాలి.

మరి టాక్టైల్ ఎందుకు

సైలెంట్ స్విచ్‌లలో లీనియర్లే ఎక్కువ దొరుకుతాయి. చెర్రీ వాళ్ల సైలెంట్ రెడ్, సైలెంట్ బ్లాక్ రెండూ లీనియర్లే. ఆటలు ఆడేవాళ్లకు అవి చాలు. (పిల్లలూ, మీలో కొందరు కీబోర్డు అడిగింది దేనికో నాకు తెలుసు. మీ అమ్మకు చెప్పనులే.)

టైపింగు నేర్చుకునేవాళ్లకు మాత్రం నేను టాక్టైల్ అంటాను. కారణం ఇది. చప్పుడు కూడా ఒక సమాచారమే. కీ పడిందో లేదో చెవి చెబుతుంది. చప్పుడు తీసేస్తే ఆ సమాచారం పోతుంది, అప్పుడు పిల్లలు అనుమానంతో ఇంకా గట్టిగా గుద్దుతారు, లేదా కళ్లు కీల మీదికి దించుతారు. టాక్టైల్ స్విచ్‌లో ఆ కబురు చెవికి బదులు వేలికి అందుతుంది. అడ్డు తగిలి దాటింది, అంటే పడింది. చూడక్కర్లేదు, వినక్కర్లేదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మనం ల్యాబులో నేర్పేది ఇన్‌స్క్రిప్ట్. భారతీయ భాషలన్నింటికీ ఒకే అమరికగా రూపొందించి 1991లో ఐ.ఎస్. 13194 ప్రమాణంలో చేర్చినది. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లు కొట్టాలి, అది ఇంగ్లీషు 'డి' కీ మీద ఉంటుంది. 'స్త్రీ' అని కళ్లకు ఒక్క అక్షరం కనిపిస్తుంది. కొట్టేది మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం, మొత్తం ఆరు కీలు. 'విద్యార్థి' మూడక్షరాల మాట, కీలు పది, 'థ' కోసం షిఫ్ట్ అదనం. ఒక పొల్లు పడకపోతే ఒత్తు విడిపోయి మాటే చెడిపోతుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పితే ఒక అక్షరమే తప్పు. ఇక్కడ అట్లా కాదు. అందుకే ప్రతి కీ పడిందని వేలికి నమ్మకంగా తెలియడం అవసరం. ఒక మాటకు పది దెబ్బలంటే, రాత్రి పూట ఒక పేజీకి ఎన్ని దెబ్బలో మీరే లెక్కేసుకోండి. ఆ ఇంటి అవ్వ కోపంలో న్యాయం ఉంది.

ఏవి దొరుకుతాయి, ఏది ఎట్లా ఉంటుంది

పేర్లు చూసే ముందు బరువు గురించి రెండు మాటలు. స్విచ్ పెట్టె మీద 62 గ్రాములు, 67 గ్రాములు అని రాసి ఉంటుంది. అది స్ప్రింగును నొక్కడానికి కావలసిన బలం. కొందరు అడ్డు దగ్గరి బలం రాస్తారు, కొందరు అడుగుకు చేరేటప్పటి బలం రాస్తారు. కాబట్టి రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి, ఒకే కంపెనీ రకాల మధ్య పోల్చుకోండి. చెర్రీ గోధుమ స్విచ్ అడ్డు దగ్గర 55 సెంటీన్యూటన్లు, అంటే సుమారు 56 గ్రాములు. ఆ అడ్డు ఎంత చిన్నదంటే కొందరికి ఇసుక రేణువు తగిలినట్టు తప్ప వేరుగా తెలియదు.

సైలెంట్ టాక్టైల్‌లో నాకు ముందు గుర్తొచ్చేది బోబా యు4. గజ్జూ అనే పేరుతో వస్తుంది. అడ్డు పైన మొదలులోనే తగులుతుంది, స్పష్టంగా తెలుస్తుంది, అడుగున రబ్బరు మెత్తదనం తక్కువ. 62, 68 గ్రాముల రకాలున్నాయి. పిల్లలకు 62 చాలు. ఒక జాగ్రత్త: యు4టి అని చివర 'టి' ఉన్నది వేరే సరుకు. అదీ టాక్టైలే, మంచిదే, కానీ అందులో రబ్బరు లేదు, బొంగురుగా బాగా మోగుతుంది. ఒక్క అక్షరం తేడాతో రాత్రి నిద్ర పోతుంది. ఆర్డరు పెట్టేటప్పుడు రెండుసార్లు చదవండి.

జీల్‌పీసీ వాళ్ల జైలెంట్ వి2 ఈ జాతిలో పేరున్నది. 62, 65, 67, 78 గ్రాములని నాలుగు రకాలు. ఖరీదు ఎక్కువ. బడి పిల్లలకు అంత పెట్టాలని నేను అనను. గేటరాన్ వాళ్ల అలియాజ్ 60, 70, 80, 100 గ్రాములలో ఉంది. అందులో 100 గ్రాములది పెద్దవాళ్ల వేళ్లకే బరువు, పిల్లలకు అసలు వద్దు. డ్యూరాక్ ష్రింప్, ఆక్కో పెంగ్విన్, కైల్ బాక్స్ సైలెంట్ బ్రౌన్, ఇవి కూడా సైలెంట్ టాక్టైల్ రకాలే. ఔటెము వాళ్లు చవకగా చాలా సైలెంట్ రకాలు అమ్ముతారు. వాటిలో లీనియర్లూ ఉన్నాయి, టాక్టైళ్లూ ఉన్నాయి. పేరు చూసి కాకుండా వివరాల్లో టాక్టైల్ అన్న మాట ఉందా అని చూసి కొనండి. 'సైలెంట్', 'టాక్టైల్' ఈ రెండు మాటలూ కనపడాలి. ఒకటే ఉంటే మీకు కావలసింది అది కాదు.

ఒక సంగతి దాచకూడదు. రబ్బరు ఉన్న స్విచ్‌లన్నిటికీ అడుగున కొంచెం మెత్తదనం ఉంటుంది. చలిమిడి మీద వేలు పెట్టినట్టు అంటాడు మా ల్యాబులో ఒక పిల్లవాడు. నీలం స్విచ్‌కు అలవాటు పడినవాళ్లకు మొదటి రెండు మూడు రోజులు ప్రాణం లేనట్టు అనిపిస్తుంది. తర్వాత అలవాటవుతుంది. కొందరికి ఎప్పటికీ నచ్చదు, అది కూడా చూశాను. అందుకే ఒకేసారి బోర్డంతటికీ కొనకుండా ముందు నమూనా వేలితో నొక్కి చూడమంటున్నాను.

బరువు విషయంలో నా అభిప్రాయం: పన్నెండేళ్ల లోపు పిల్లలకు తేలిక రకమే. బరువు స్ప్రింగు అయితే అరగంటకే చిటికెన వేలు, ఉంగరపు వేలు అలసిపోతాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో 'ట', 'చ', 'య' కుడి చిటికెన వేలి కిందే ఉన్నాయి. వేళ్లు నొప్పి అంటే సాధన ఆపించండి, ఓర్చుకోమనకండి.

మీ బోర్డుకు సరిపోతుందా

ఇక్కడే డబ్బు పోతుంది. కొనేముందు మూడు చూడండి.

మొదట, మీ బోర్డు హాట్‌స్వాప్ రకమా? అంటే స్విచ్‌లను చేత్తో లాగి వేరేవి పెట్టేలా కింద సాకెట్లు ఉన్నాయా? లేకపోతే ప్రతి స్విచ్ సీసంతో అతికించి ఉంటుంది. ఒక్కో స్విచ్‌కు రెండు అతుకులు, 87 కీల బోర్డుకు 174 అతుకులు కరిగించి తియ్యాలి. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తారు. ఇంట్లో మొదటిసారి చేస్తే బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. అట్లాంటి బోర్డుకు ఖర్చు పెట్టేకన్నా దాన్ని అమ్మేసి వేరేది తీసుకోవడం మేలు.

రెండోది, స్విచ్ కాళ్లు. లోహపు కాళ్లు అన్నిటికీ రెండే, కొన్నిటికి అదనంగా రెండు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. మధ్యలో ఉన్న లావు బొడిపెను కూడా కలిపి వీటిని మూడు కాళ్లవి, అయిదు కాళ్లవి అంటారు. బోర్డులో అయిదింటికి రంధ్రాలు లేకపోతే ఆ ప్లాస్టిక్ కాళ్లు రెండూ గోళ్ల కత్తెరతో కత్తిరిస్తే సరి, ఏం కాదు. లోహపు కాళ్లు మాత్రం ముట్టుకోకండి. ఇంకో చిక్కుంది: ఔటెము స్విచ్‌ల లోహపు కాళ్లు మిగతావాటికన్నా సన్నం. కొన్ని చవక బోర్డుల సాకెట్లు ఆ సన్న కాళ్లకే సరిపోతాయి. వాటిలో ఇంకో కంపెనీ స్విచ్ బలవంతంగా దూర్చితే సాకెట్ పాడవుతుంది. అట్లాంటి బోర్డు అయితే ఆ కంపెనీ సైలెంట్ రకాలే వెతుక్కోవాలి.

మూడోది, బోర్డు ఎత్తు. పలుచగా ఉండే లో ప్రొఫైల్ బోర్డులకు పైన చెప్పినవేవీ పట్టవు.

లెక్క కూడా వేసుకోండి. నంబర్లు పక్కనున్న నిండు బోర్డుకు 104 స్విచ్‌లు, నంబర్లు లేనిదానికి 87, చిన్నదానికి 61. ఒక స్విచ్ 30 రూపాయలనుకుంటే 87 స్విచ్‌లకు 2,610 రూపాయలు. చాలా ఇళ్లలో ఇది బోర్డు ధర కన్నా ఎక్కువే అవుతుంది. కాబట్టి నేను చెప్పే కిటుకు: అన్నీ మార్చక్కర్లేదు. ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా, బాణం గుర్తులు, హోమ్, ఎండ్ లాంటివి రాత్రి ఎన్నిసార్లు కొడతారు? అక్షరాల కీలు, అంకెలు, స్పేస్, షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ వరకు మార్చుకుంటే 60 లోపలే సరిపోతుంది. చూడ్డానికి కలగాపులగం, పనికి అదే.

ఆ పిల్లవాడి బోర్డు ఏమైంది

అదృష్టం బాగుండి అది హాట్‌స్వాప్, మామూలు సాకెట్లే. వాళ్ల నాయన ఒక ఆదివారం బెంగళూరు పోయి ఎస్.పి. రోడ్డులో రెండు మూడు రకాలు అడిగి తెచ్చాడు. మొదట నాలుగైదే కొని తెమ్మన్నాను. వాటిని కుడిచేతి కింద 'క', 'ర', 'త', 'ప' కీలకు వేసి నాలుగు రోజులు టైపు చెయ్యమన్నాను. నచ్చిందన్నాక మిగతావి కొన్నారు.

స్విచ్‌లు మార్చేటప్పుడు బోర్డు వైరు కంప్యూటర్ నుంచి తీసెయ్యండి. కీక్యాప్‌లు తీసేముందు ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏది ఎక్కడిదో వెతుక్కునే పని ఉండదు. కొత్త స్విచ్ పెట్టేముందు ప్రతిదాని కాళ్లూ నిటారుగా ఉన్నాయా అని చూసి, నిలువుగా ఒకే ఒత్తుతో దించండి. వంకరగా తోస్తే కాలు మడతపడి లోపలే చిక్కుతుంది. మడతపడినా భయం లేదు, చిన్న పటకారుతో మెల్లగా సరి చెయ్యొచ్చు. అయితే రెండోసారి మడిస్తే విరుగుతుంది.

అన్నీ అయినాక ఆ అమ్మ ఫోను చేసింది. "మేలు సార్, కానీ మధ్యమధ్యలో టప్ టప్ అని ఇంకా వస్తా ఉంది." నేను ముందే చెప్పిన స్పేస్ బారే అది. కీక్యాప్ తీసి స్టెబిలైజర్ తీగ చివర్లకు డైఎలెక్ట్రిక్ గ్రీజు అగ్గిపుల్లతో కొంచెం రాశాము. వంటనూనె, కొబ్బరినూనె రాయకండి. కొన్నాళ్లకు జిగురై దుమ్ము పడుతుంది. తలుపు బందులకు కొట్టే స్ప్రే కూడా వద్దు. గ్రీజు కూడా తీగ మీదే, స్విచ్ లోపలికి పోనివ్వకండి.

తర్వాత బల్ల సంగతి. వాళ్లది ఇనుప మడతబల్ల. పాత దుప్పటి ముక్క నాలుగు మడతలు వేసి కీబోర్డు కింద పెట్టి, బల్లను గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపారు. దీనికి పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం స్విచ్‌లు మార్చినంత కాకపోయినా దానికి దగ్గరదాకా వచ్చింది. నిజానికి కొత్తవి కొనేముందు మీరు చెయ్యాల్సింది ఇదే. దుప్పటి వేసి, బల్ల జరిపి, ఒక రాత్రి చూడండి. నీలం కాకుండా ఎరుపో గోధుమో ఉన్నవాళ్లకు అదొక్కటే సరిపోయినా ఆశ్చర్యం లేదు.

చప్పుడు నిజంగా తగ్గిందా అని చూడాలంటే ఫోనును పడుకునేవాళ్ల దిండు దగ్గర పెట్టి రికార్డు చెయ్యండి, మార్చకముందు ఒకసారి, మార్చినాక ఒకసారి. టైపు చేసేవాళ్ల చెవిని నమ్మొద్దు. మన చేతి చప్పుడు మనకు ఎప్పుడూ తక్కువే వినిపిస్తుంది. ఫ్యాను తిరుగుతుండగానే రికార్డు చెయ్యండి, రాత్రి ఎట్లాగూ తిరిగేదే కదా. ఫ్యాను మోతలో కీ చప్పుడు కలిసిపోతే మీ పని అయినట్టే.

అంగట్లో పరీక్షించేటప్పుడు

ఎస్.పి. రోడ్డు లాంటి చోట గోలలో ఏ స్విచ్ అయినా సైలెంటుగానే అనిపిస్తుంది. కీబోర్డును చెవి దగ్గరికి ఎత్తి, ఒక కీని మెల్లగా దించి టక్కున వదలండి. పైకి వచ్చేటప్పుడు టిక్ అంటే అది సైలెంట్ రకం కాదు. స్పేస్ బారును ఎడమ చివర, కుడి చివర విడివిడిగా తట్టి చూడండి. స్విచ్ విడిగా అమ్మేవాళ్లయితే ఒకటి తీసుకుని కాడను అటూ ఇటూ కదిపి చూడండి, మరీ వదులుగా ఊగితే టైపు చేసేటప్పుడు కీలు తొణుకుతాయి. ఆన్‌లైనులో కొనేవాళ్లు వీడియోలో వినిపించే చప్పుడును నమ్మి కొనకండి. మైకు ఎక్కడ పెట్టారు, బోర్డు లోపల ఎంత స్పాంజి నింపారు అన్నదాన్ని బట్టి ఒకే స్విచ్ పది రకాలుగా వినిపిస్తుంది.

కీక్యాప్‌ల మీద తెలుగు అక్షరాలు లేవని కొందరు దిగులు పడుతున్నారు. పైన అంటించుకునే స్టిక్కర్లు దొరుకుతాయి. కానీ ఎఫ్, జె కీల మీద ఉన్న చిన్న గీతలను వేలితో పట్టుకుని చూడకుండా కొట్టడమే మనం నేర్పేది. స్టిక్కరు వేసుకుంటే ఆ గీతలు కప్పబడకుండా చూసుకోండి.

ల్యాబులో ఒక నమూనా పలక పెట్టాము. అందులో లీనియర్, టాక్టైల్, క్లిక్కీ, సైలెంట్ టాక్టైల్ స్విచ్‌లు పక్కపక్కన ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం ల్యాబు తెరిచి ఉంటుంది, తల్లిదండ్రులు కూడా వచ్చి వేలితో నొక్కి చూడొచ్చు. ఇంట్లో ఉన్న కీబోర్డు ఏ రకమో తెలియకపోతే ఒక కీక్యాప్ తీసి, కింద స్విచ్ కనపడేట్టు ఫొటో తీసుకుని రండి. బోర్డు అడుగున ఉన్న మోడల్ నంబరు కూడా రాసుకొస్తే సాకెట్ల సంగతి అక్కడికక్కడే చూసి చెబుతాను.